కామెంట్ తీసేయించారు సరే, సాక్ష్యం ఏదమ్మా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. మహిళా సంఘం తరఫున ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రం చూస్తాను. మే 3న ఒక పత్రిక వెబ్‌సైట్‌లో వడ్ల కొనుగోళ్ల వార్త కింద ‘రైతుబిడ్డ’ పేరుతో ఎవరో “ఆ ఊరి సెంటర్ ఆమె తరుగు పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు మింగింది” అని రాశారు. అప్పటి నుంచి నాకు అన్నం సహించట్లేదు. ఫోన్ చేస్తే పత్రికవాళ్లు తీసేశారు. ఐదు నెలలు దాటింది. కేసుకు మూడేళ్ల టైమ్ ఉందంటున్నారు. మా మరిది స్నేహితుడు, అనుమానం ఉన్నవాడి ఫోన్‌లోకి దూరి చూస్తానంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: కోర్టు ముందు అడిగేది మీ బాధ గురించి కాదమ్మా, రాసిందెవరని. ఆ జవాబు మీ ఊళ్లో దొరకదు, పత్రిక సర్వర్‌లో ఉంటుంది. ఏ ఐపీ నుంచి ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టాను లాగ్ అంటారు. ఆ లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆ తర్వాత చెరిపేస్తే అడిగేందుకేం లేదు. మే 3 నుంచి లెక్కేస్తే ఆ గడువు అక్టోబర్ 30. మూడేళ్లనుకుంటున్నారు గానీ, మీ చేతిలో ఉన్నది మూడు వారాలు.

మూడేళ్లన్నది భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 356వ సెక్షన్ కింద పరువు నష్టం క్రిమినల్ ఫిర్యాదుకు. నష్టపరిహారం దావాకు, కేసుల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 75వ ఆర్టికల్ ఇచ్చింది ఒక్క ఏడాదే. పేరు తెలియని వ్యక్తి మీద దావా వేసి, పేరు తర్వాత చేర్చుదామంటే అదే చట్టం 21వ సెక్షన్ అడ్డొస్తుంది. మామూలుగా అతన్ని చేర్చిన రోజే దావా వేసినట్టు లెక్క. అంటే పేరు వచ్చే మే 3 లోపే బయటపడాలి.

తీసేయమని ఫోన్ చేసేముందు కాపీ తీసుకోవాలని తోచలేదా? మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. వెబ్ అడ్రస్ లేదు, తేదీ లేదు. మూలన బ్యాటరీ 14 శాతం అని మాత్రం స్పష్టంగా ఉంది. తూకం చీటీ లేకుండా బస్తాలు లారీ ఎక్కిస్తారా మీరు? ఆ స్క్రీన్‌షాట్ మొదట తీసిందెవరో కనుక్కోండి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఆ కాపీ ఏ ఫోన్‌లో ఎలా తీసిందో చెబుతూ భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. కామెంట్‌లో మీ పేరు లేదు కాబట్టి, చదివి అది మీరేనని అర్థం చేసుకున్న ఇద్దరు సాక్షులూ కావాలి.

స్క్రీన్‌షాట్ అడుగున ‘పరిశీలన తర్వాతే ప్రచురిస్తాం’ అని సగం తెగిన వాక్యం ఉంది. మీరు దాన్ని పట్టించుకున్నట్టు లేదు. నాకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఇతరుల మాటలను మోసే వెబ్‌సైట్‌కు ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే తీసేయాల్సిన బాధ్యత అని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ చదివి, ఎంచి వేసేవాళ్లు మేం మోశామంతే అనడం కష్టం. గెలుపు ఖాయమనను, వాదనకు చోటుంది. ఆ వాక్యం సైట్‌లో ఇంకా ఉంటే ఇవాళే అడ్రస్, తేదీ కనిపించేలా కాపీ తీయించండి.

మరిది స్నేహితుణ్ణి ఆ ఫోన్ దరిదాపులకు పోనీయొద్దు. అనుమతి లేకుండా దూరితే ఐటీ చట్టం 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. మీ పరువు తీసినవాడికి పడే గరిష్ఠ శిక్ష రెండేళ్లే. అనుమానం ఉన్నవాడి ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఎదురు కేసు మీ మీదే పడుతుంది.

స్టేషన్ చుట్టూ తిరగకండి. పరువు నష్టం నాన్-కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ చెప్పందే పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఈ వారంలోనే పత్రిక ఫిర్యాదుల అధికారికి స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో లాయర్ నోటీసు పంపించండి. ఖాతా ఈమెయిల్, ఫోన్ నంబర్, ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్, సెకన్లతో సహా సమయం, ఇవేవీ చెరపకుండా ఉంచమని అందులో ఉండాలి. పోర్ట్ నంబర్ మరిచిపోవద్దు, ఒకే ఐపీ మీద వందల మొబైళ్లు నడుస్తాయి, వాటిలో ఏదో తేల్చేది అదే. నోటీసు వెళ్లగానే దావా, దాంతోపాటే వివరాలు ఇప్పించమని దరఖాస్తు. పత్రిక ఇచ్చినదాన్ని పట్టుకుని ఫోన్ కంపెనీని అడుగుతాం.

నోటీసు రాసేముందు ఈ యాసంగి ట్రక్ షీట్లు, తూకం రిజిస్టర్ పట్టుకురండి. రాసింది నిజమని అవతలివాడు రుజువు చేస్తే దావా అక్కడితో పోతుంది. తరుగు కోసి ఉంటే ఆ సంగతి ఇప్పుడే నాకు చెప్పండి.