బండి సందేహాలు: గాలి పైపులోకి ఆయిల్ ఎందుకొస్తోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఇబ్బంది గురించి. అందుకే కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: నాది 2014 మోడల్, 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. సర్వీసులో ఇంటర్‌కూలర్ పైపు ఊడదీస్తే లోపలి నుంచి ఆయిల్ కారింది. టర్బో పోయింది, కొత్తది వేయాలంటున్నారు. పికప్ బాగానే ఉంది, పొగ లేదు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇప్పుడే మార్చకండి. టర్బో ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది, ఆ గాలిని చల్లార్చేది ఇంటర్‌కూలర్. పికప్ తగ్గలేదు, నీలం పొగ లేదు, ఈల శబ్దం లేదు అంటే టర్బోను అనుమానితుల వరసలో చివర నిలబెట్టాలి.

ఎంత మంచి ఇంజన్‌లోనైనా పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాసు కిందికి, ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులోకి దిగుతుంది. మెకానిక్కులు బ్లోబై అనేది దీన్నే. అది అక్కడే ఉండిపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది. అందుకని బ్రీదర్ పైపు పెట్టి, ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్యనున్న గొట్టంలో కలుపుతారు. ఆ గ్యాసు వెంట ఆయిల్ తుంపర కూడా వస్తుంది. కాబట్టి ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండి పైపులో వేలు పెడితే నల్లగా జిడ్డు అంటడం మామూలే. పైపు వంచగానే ధార కట్టడం, ఇంటర్‌కూలర్ అడుగున అరకప్పు నిలవడం మాత్రం మామూలు కాదు.

ముందు డిప్‌స్టిక్ చూడండి. చదును నేల మీద బండి పెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. మట్టం పై గీత దాటి ఉంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగేటప్పుడు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగే బ్రీదర్ గుండా పైకి పోతుంది. ఎక్కువైనంత తీసేస్తే చాలామందికి బాధ అక్కడితో తీరుతుంది. 'ఇంకో పావు లీటరు పోస్తే మంచిదే' అనే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. (బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక మాట: పొగ ఫిల్టర్ తనను తాను కాల్చుకొని శుభ్రపడేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. పొయ్యకుండానే మట్టం పెరిగి, డిప్‌స్టిక్ డీజిల్ వాసన కొడితే ఆయిల్ మార్చాల్సిందే.)

మట్టం సరిగ్గా ఉంటే టర్బోకు ముందు పైపు, తర్వాతి పైపు రెండూ విప్పి పోల్చండి. ఫిల్టర్ వైపు నుంచి టర్బోకు వచ్చే పైపు కూడా తడిగా ఉంటే ఆయిల్ బ్రీదర్ నుంచి వస్తున్నట్టు. అది పొడిగా ఉండి, టర్బో దాటాకే తడి మొదలైతే అప్పుడు టర్బో సీలును అనుమానించాలి. పాత జిడ్డు మోసం చేస్తుంది కనుక రెండు పైపులూ తుడిచి, 500 కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడటం మేలు.

టర్బో వైపే తేలిందనుకోండి. ఇంజన్ చల్లారాక టర్బోలో గాలిని నెట్టే కంప్రెసర్ చక్రం నడిమి నట్టు పట్టుకొని ముందుకీ వెనక్కీ లాగండి. ఆ కదలిక చేతికి తెలియకూడదు. పక్కకు కాస్త ఊగినా ఫర్వాలేదు గానీ, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపిస్తే దాని పని అయిపోయింది. గీతల్లేకపోతే టర్బో నుంచి సంపుకు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) ఆయిల్ దిగే రిటర్న్ పైపు విప్పండి. టర్బోలోకి ఆయిల్ పంపు ప్రెషర్‌తో వస్తుంది కానీ, దిగడం తన బరువుతో తానే దిగాలి. రిటర్న్ పైపులో మడ్డి పేరుకున్నా, గాస్కెట్‌కు పూసిన సీలెంట్ లోపలికి పొంగి సగం మూసినా, బ్రీదర్ పూడి క్రాంక్‌కేసులో ప్రెషర్ పెరిగినా ఆ ఆయిల్‌కు దారి ఉండదు. సీలు దాటి గాలిలోకే వెళుతుంది. కొత్త టర్బో వేశాక రెండు నెలలకే మళ్లీ ఆయిల్ అని మొత్తుకునేవాళ్ల బండ్లలో తరచూ కనిపించే లోపం ఇదే.

ఏది బాగుచేసినా, చివర ఇంటర్‌కూలర్ దింపి లోపల నిలిచిన ఆయిల్ వంచేసి, కిరసనాయిల్‌తో కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. మన ఎండలకు అరపూట చాలు. తొందరపడి తడితోనే బిగించకండి. డీజిల్ ఇంజన్‌కు గాలిలో వచ్చే ఆయిలూ ఇంధనమే, మిగిలిన కిరసనాయిలూ ఇంధనమే. పొరపాటున ఇంజన్ తనంతట తాను రేజ్ అయిపోయి, తాళం తిప్పినా ఆగకపోతే, గేర్ల బండైతే టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలి ఆపేయాలి. బానెట్ తెరిచి గాలి పైపుకు చెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు.

ప్రశ్న: 1.2 లీటర్ల పెట్రోల్ కారు. థ్రాటిల్ బాడీ విప్పితే నల్లటి ఆయిల్. ఐడ్లింగ్‌లో ఆర్పీఎం పైకీ కిందికీ ఊగుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ. ఇంజన్ బోరుకొచ్చిందని చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: బోరు పని (సిలిండర్లు తొలిచి రింగులు మార్చడం) ఒప్పుకునే ముందు పీసీవీ వాల్వ్ చూపించండి. వాల్వ్ కవర్ మీదో, మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) దగ్గరో ఉండే చిన్న వాల్వ్ అది. క్రాంక్‌కేసు గ్యాసును మానిఫోల్డ్ లోపలికి లాక్కునే దారిలో తలుపు లాంటిది.

థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటాక, మానిఫోల్డ్‌లో ఆయిల్ ఉంటే ఆ వాల్వ్ తెరుచుకొనే బిగుసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు లెక్కకు అందని గాలి కూడా లోపలికి పోతుంది కనుక మీరు రాసిన ఆర్పీఎం ఊగడం వస్తుంది. థ్రాటిల్‌కు ముందు, ఫిల్టర్ గొట్టం వైపు ఆయిల్ ఉంటే వాల్వ్ పూడిపోయి గ్యాసు వెనక్కి తంతోందన్నమాట, లేదా బ్లోబై వాల్వ్ మోయలేనంత పెరిగి ఉంటుంది. జిడ్డు ఏ వైపుందో మీరు రాయలేదు, చూసుకోండి.

వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఆడిస్తే లోపలి పిన్ను గలగలమనాలి. ఇంజన్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే దాదాపు పోకూడదు. తేడా ఉంటే కడిగి వాడటం కన్నా కొత్తది వేయడమే నయం. బోరు పని ఖర్చు ముందు దాని ధర లెక్కలోకి రాదు. పైపు రబ్బరు ఉబ్బి మెత్తబడినా, పగిలినా అదీ మార్చండి.

తర్వాత ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద చిన్న కాగితం ఉంచండి. కొంచెం లోపలికి అతుక్కుంటే లోపలి గాలి పద్ధతి బాగున్నట్టు. ఎగిరిపడితే రింగుల దాకా వెళ్లాలి. అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించి, నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువుంటే అందులో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే సిలిండర్ పైనుండే ఇంజన్ వాల్వులు. అంకెలు చూపించకుండా 'బోరు' అనే మాటను నమ్మాల్సిన పని లేదు.

పొద్దున మాత్రమే వచ్చే పొగ రింగులది కాకపోవచ్చు. రాత్రంతా వాల్వ్ సీళ్ల గుండా జారిన ఆయిల్ స్టార్ట్ కాగానే కాలితే అలాగే కనిపిస్తుంది. రింగులు పోతే బండి లాగుతున్నంతసేపూ పొగ వస్తుంది, ఆయిల్ కూడా గబగబా తగ్గుతుంది. 1,000 కిలోమీటర్లకు అర లీటరు మించి తగ్గుతుంటే ఆలస్యం చేయవద్దు.

థ్రాటిల్ శుభ్రం చేసేటప్పుడు క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలంగా నొక్కకూడదు. గాలిని కొలిచే సెన్సర్‌కు ఈ క్లీనర్ వాడొద్దు, దానికి వేరే క్లీనర్ ఉంటుంది.

ప్రశ్న: మా డీజిల్ జీపు చీమకుర్తి క్వారీల దారిలో తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ నెలకే ఆయిల్‌తో తడిసిపోతోంది. ఎందుకు?
– చీమకుర్తి

జవాబు: దుమ్ముతో ఫిల్టర్ పూడితే ఇంజన్ గాలి కోసం ఇంకా గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పుకు బ్రీదర్ నుంచి ఆయిల్ ఎక్కువ వస్తుంది. ఆయిల్ తగిలిన కాగితం ఫిల్టర్‌కు దుమ్ము ముద్దలా అంటుకొని మరింత పూడుతుంది. కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వారానికోసారి తీసి చూడండి. లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో, కాస్త దూరం నుంచి గాలి కొట్టండి. ఆయిల్ తగిలినదాన్ని మాత్రం పారేయాల్సిందే. ఉతికి ఆరేసి వాడితే చిల్లులు పడి రాతిపొడి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

అన్నిటికన్నా ముందు ఫిల్టర్ దాటిన గొట్టంలో వేలితో రాసి చూడండి. గరగరలాడితే డబ్బా క్లిప్పో, రబ్బరు అంచో దుమ్మును వదిలేస్తోంది. అది చాలాకాలంగా జరుగుతుంటే రింగులు అరిగి, బ్లోబై పెరిగి, మీ ఫిల్టర్ తడవడానికి అసలు కారణం అదే అయి ఉండవచ్చు. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూతను తిరగేసి రంధ్రం మీద ఉంచండి. వణకడం వరకు సరే, ఎగిరి పక్కన పడితే ఇంజన్ విప్పక తప్పదు.

ప్రశ్న: బ్రీదర్ పైపు ఊడదీసి కిందికి వదిలేస్తే గొడవ ఉండదంటున్నారు. క్యాచ్ క్యాన్ పెట్టించడం మంచిదా?
– ముత్తుకూరు

జవాబు: కిందికి వదలొద్దు. పొగ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది, కాలుష్యం కింద తప్పు కూడా. ఇంకా ఘోరం, పైపుకు బిరడా కొట్టడం. ప్రెషర్ దారి దొరక్క క్రాంకు ముందు, వెనక ఆయిల్ సీళ్లను తన్నేస్తుంది. వెనక సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి.

బ్రీదర్ దారిలో పెట్టే క్యాచ్ క్యాన్ అనే డబ్బా ఆయిల్‌ను పట్టి ఉంచుతుంది గానీ, ఆయిల్ ఎందుకొస్తోందో దానికి అక్కర్లేదు. పైన చెప్పిన పరీక్షలన్నీ బాగుంటేనే పెట్టించండి. దాని పైపుల లోపలి వెడల్పు అసలు బ్రీదర్ కన్నా సన్నగా ఉండకూడదు, లోపల జాలీ ఉండాలి, రెండో పైపు తిరిగి గాలి గొట్టంలోకే కలవాలి. ఖాళీ డబ్బాకు రెండు పైపులు తగిలించి అమ్మేవి కొనకండి. మొదట్లో 1,000 కిలోమీటర్లకోసారి వంచి ఎంత పడిందో చూడండి. నాలుగు చుక్కలైతే సరే. ప్రతిసారీ సగం నిండుతుంటే డిప్‌స్టిక్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి.