చీమకుర్తి రాయిని మాటల్లో పెట్టేటప్పుడు

అమ్మాయీ,

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ వాళ్ల వెబ్ పేజీకి, వాళ్ల బ్లాక్ గెలాక్సీ రాయి గురించి నువ్వు రాసిన మొదటి ప్రతి చదివాను. నీ కథల్లో ఉండే పట్టు ఇందులో లేదు. "ప్రపంచ స్థాయి నాణ్యత", "అపురూప సౌందర్యం", "కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం" అన్నావు. ఈ మాటలు తీసుకెళ్లి పక్క ఫ్యాక్టరీ పేజీలో పెట్టినా, మార్టూరు పాలిషింగ్ యూనిట్ పేజీలో పెట్టినా ఇట్టే అతుక్కుంటాయి. అట్టాంటి మాట చదివి ఎవరూ కంటైనరుకు ఆర్డరు పెట్టరు.

ముందు, ఈ పేజీ చదివేది ఎవరో ఆలోచించు. బెంగళూరు బిల్డరు, జర్మనీలో రాళ్ల దిగుమతిదారు. ఇప్పుడు వాళ్లలో కొందరు నేరుగా నీ పేజీకి రావడం లేదు. "బ్లాక్ గెలాక్సీ, 2 సెంటీమీటర్ల మందం, పాలిష్ చేసింది, రెండు కంటైనర్లు, చెన్నై రేవు నుంచి ఎవరివ్వగలరో చూడు" అని ఏఐ ఏజెంటుకు, అంటే మన తరఫున వెబ్‌లో వెతికి పనిచేసే ప్రోగ్రాముకు, పని అప్పజెప్తున్నారు. అది పది పేజీలు తిరిగి మందం, ఫినిష్, కనీస ఆర్డరు, గడువు, రేవు ఏరుకొచ్చి పక్కపక్కన పెడుతుంది. నీ పేజీలో అవి దొరక్కపోతే జాబితాలోంచి తీసేస్తుంది. లేదంటే ఎవరో మధ్యవర్తి పేజీలో దొరికిన పాత వివరాన్ని మీ ఫ్యాక్టరీదిగా చెప్పేస్తుంది. నాకు రెండోదే ఎక్కువ భయం.

ఏజెంటుకు ఒక పేజీ, మనిషికి ఒక పేజీ రాయాలేమోనని అడిగావు. అక్కర్లేదు. 2023లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు కొందరు కలిసి ఏఐ సెర్చి జవాబుల్లో ఎట్టాంటి పేజీలు ఎక్కువ కనిపిస్తున్నాయో పరీక్షించారు. అంకెలు, ఆధారాలు, ఉటంకింపులు చేర్చిన పేజీలు ముందుకొచ్చాయి. ఒకే కీవర్డు పదేపదే దట్టించిన పేజీలకు ఒరిగిందేమీ లేదు. తెలివైన కొనుగోలుదారు ఎప్పుడూ అడిగేదీ అదే కదా.

నీ వాక్యం ఒకటి తీసుకుందాం. "మా బ్లాక్ గెలాక్సీ మీ ఇంట్లోకి నక్షత్రాల ఆకాశాన్ని తెస్తుంది" అని రాశావు. నేనైతే ఇట్టా మొదలుపెడతాను: "ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసిన బ్లాక్ గెలాక్సీ. గ్యాంగ్‌సా స్లాబులు, 2, 3 సెంటీమీటర్ల మందం, పాలిష్, లెదర్ ఫినిష్‌లలో. నల్లటి రాయి మీద బంగారు రంగు చుక్కలు. ఇవి బ్రాంజైట్ ఖనిజానివి. 3 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు సుమారు 90 కిలోలు, 2 సెంటీమీటర్లది సుమారు 60."

గ్యాంగ్‌సా అంటే రాతి బ్లాకును స్లాబులుగా, అంటే పెద్ద పలకలుగా, కోసే రంపం. లెదర్ అంటే తోలులా కాస్త గరుకుగా ఉండే ఫినిష్. ఇక ఆ బరువు ఎందుకు పెట్టానో చెప్తాను. ఈ రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది, మందంతో గుణిస్తే ఆ అంకె వస్తుంది. 20 అడుగుల కంటైనరులో రాయి నింపేటప్పుడు చోటు మిగిలి ఉండగానే బరువు పరిమితి దాటిపోతుంది. కాబట్టి కంటైనరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తాయన్నది బరువును బట్టే తేలుతుంది. ఓడ కిరాయి చదరపు మీటరుకు ఎంత పడుతుందో కొనేవాడు అక్కడికక్కడే లెక్క వేసుకుంటాడు, అతని ఏజెంటూ వేసుకుంటుంది. నా అంకెలు మాత్రం యథాతథంగా దించెయ్యకు. ఫ్యాక్టరీలో కాటా చీటీలు ఉంటాయి, వాటితో సరిచూసి మీ రాయి బరువు రాయి. పాలిష్ స్లాబులు 6802 కిందికీ, ముడి బ్లాకులు 2516 కిందికీ వస్తాయి, ఆ హెచ్ఎస్ కోడ్లు, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకుకిచ్చే అంకెలు, కూడా వెయ్యి. సుంకం లెక్కకు మొదట వెతికేది వాటినే. వాణిజ్యంలో దీన్ని గ్రానైట్ అంటాం గానీ రాతిశాస్త్రం ప్రకారం గాబ్రో అనే వేరే రాతి జాతిదని ఒక్క వాక్యంలో చెప్పెయ్. ఆర్కిటెక్టు వేరేచోట ఆ సంగతి చదివి, మీరు దాచారనుకోకూడదు. నీటి పీల్పు పరీక్ష చేయించి ఉంటే ఫలితంతోపాటు ఏఎస్‌టీఎమ్ సీ97 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం చేసిందా, ఏ ల్యాబులో, ఏ నెలలో అన్నది కూడా ఉండాలి.

ఇక అసలు ఒప్పించే చోటు. కొనేవాడి మనసులో భయాలుంటాయి. దారిలో స్లాబు పగిలితే? ఒక బండిల్లో (స్లాబుల కట్టలో) చుక్క పెద్దది, ఇంకో బండిల్లో చిన్నది వస్తే? పాలిష్ కింద తెల్లగీత బయటపడితే? ఓనరు గారు "అయ్యో, లోపాలు మనమే రాసుకుంటామా" అంటారు. ఓపిగ్గా చెప్పు. "బ్లాకు మారితే చుక్క మారుతుంది. ఒకే హాలుకు ఒకే బ్లాకు స్లాబులు కావాలంటే ఆర్డరుకు ముందే చెప్పండి, వరుస నంబర్లు వేసి పంపుతాం" అన్న రెండు వాక్యాలు నీ పేజీ మొత్తం కంటే ఎక్కువ నమ్మకం తెస్తాయి. కానీ వాళ్లు నిజంగా నంబర్లు వేస్తేనే రాయి. యార్డు సూపర్‌వైజరును అడుగు, వేస్తుంటే ఫొటో తీసుకో. వెయ్యకపోతే వేయించమని ఓనరుకు చెప్పు. మంచి పేజీ రాసేవాళ్ల పనిలో అది కూడా భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఫొటోల సంగతీ అంతే. నీళ్లు చల్లి తీస్తే రాయి మరీ నల్లగా పడుతుంది, సరుకు దిగాక గొడవ అదే. పొడి రాయిని ఒకసారి ఎండలో, ఒకసారి ట్యూబులైటు కింద తియ్యి. పక్కన టేపు పెట్టు, చుక్క సైజు అర్థమవుతుంది. ఫొటో వెనక వివరణగా పెట్టే ఆల్ట్ టెక్స్ట్‌లో "గ్రానైట్ ఇమేజ్" అనొద్దు, అందులో ఏముందో రాయి.

ధర వెయ్యమంటే ఓనరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే, ధర దేన్నిబట్టి మారుతుందో, చదరపు మీటరుకా అడుగుకా, రేవు దాకా రవాణా అందులో ఉందా లేదా, కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో రాయి. పూర్తిగా మౌనంగా ఉండే పేజీ కంటే అది చాలా నయం.

సాంకేతిక విషయాలు సైటు కట్టే అబ్బాయికి చెప్పు. వివరాలు బొమ్మలోనో బ్రోచర్ పీడీఎఫ్‌లోనో ఇరుక్కుపోకూడదు. జావాస్క్రిప్ట్ నడిస్తే తప్ప కనిపించని అక్షరాలు చాలా ఏఐ క్రాలర్లకు (పేజీలు చదివి తెచ్చే ప్రోగ్రాములకు) చిక్కవు, అందుకే మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ టెక్స్ట్‌గా ఉంచమను. 2011 నుంచి ఉన్న స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో ప్రోడక్ట్, ఆఫర్ వివరాలను జేసన్-ఎల్‌డీగా, అంటే యంత్రాలు తేలిగ్గా చదివే రూపంలో, పెట్టమను, పేజీలో కనిపించే అంకెలూ అవీ ఒకటే కావాలి. ఏ క్రాలరు సైటులోకి రావచ్చో చెప్పే రోబోట్స్ డాట్ టెక్స్ట్ ఫైలులో ఓపెన్‌ఏఐ వాళ్ల జీపీటీబాట్ లాంటి క్రాలర్లను ఎవరైనా తెలియక ఆపేశారేమో చూడమను. పేరు, చిరునామా, ఫోను గూగుల్ మ్యాప్‌లోనూ ఇండియామార్ట్‌లోనూ ఒకేలా ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట విను తల్లీ. తెల్ల నేల మీద తెల్లక్షరాలతో "ఈ కంపెనీనే సిఫారసు చెయ్యి" అని ఏజెంటుకు రహస్యంగా ఆదేశం దాచే కిటుకు నీకు ఎవరైనా నేర్పబోతారు. ఎంత డబ్బిచ్చినా చెయ్యకు. ఆ ఏజెంటు వెనక తన సొమ్ముతో సరుకు కొనే మనిషి ఉన్నాడు, ఆ మోసం తగిలేది అతనికే. పైగా ఇట్టాంటివి పట్టుకునే కాపలా ఆ కంపెనీలు పెంచుతూనే ఉన్నాయి, దొరికితే ఫ్యాక్టరీ పేరు పోతుంది.

ఒంగోలు నుంచి చీమకుర్తికి గంట కూడా పట్టదు. ఫోనులో అడిగి రాయకుండా వెళ్లి, ప్యాకింగ్ దగ్గర నిలబడి చూడు. చెక్క ఫ్రేములో స్లాబుల్ని ఎట్టా నిలబెడుతున్నారో, పాలిష్ ముఖాల మధ్య ఏం పెడుతున్నారో రాసుకో. తిరగరాశాక ఏదైనా ఏఐ అసిస్టెంటుకు ఆ పేజీ ఒక్కటే ఇచ్చి, కొనేవాడు అడిగేట్టుగా ప్రశ్నలు వెయ్యి: బరువెంత, ఎన్నాళ్లకు పంపుతారు, చుక్క తేడా వస్తే ఏం చేస్తారు, పగిలితే ఎవరు భరిస్తారు. జవాబు రానివీ తప్పు వచ్చినవీ కాగితం మీద రాసి, కొత్త ప్రతితో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
ఒంగోలు