ఎండ సంగతి సరే, ఆ 25 నిమిషాల నడక మాటేమిటి?

ప్రశ్న: సార్, మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. ఎంఎస్‌కి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఆరిజోనాలోని టెంపే, రెండోది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో. ఫీనిక్స్ చుట్టుపక్కల చిప్ ఫ్యాక్టరీలు వస్తున్నాయి, చదువు అవగానే ఉద్యోగం ఖాయం, టెంపేకే పంపుదాం అంటున్నారు మావారు. అదేమో ఎడారి. వేసవిలో 48 డిగ్రీలట. ‘ఎండలో పెరిగినవాడేగా, ఏం కాదు’ అంటారాయన. నాకు నిద్ర పట్టడం లేదు. ఖర్చు కలిసొస్తుందని నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే ఇల్లొకటి చూశాం. బస్టాప్ నుంచి 25 నిమిషాల నడక. కారు ఇప్పుడే వద్దని చెప్పాం. చిన్నప్పుడు వాడికి ఆస్తమా ఉండేది, పొడిగాలి దానికి మంచిదేనని బంధువులు అంటున్నారు. ఎడారి ఊళ్లో ఉండటంలో లాభనష్టాలు కాస్త వివరంగా చెప్పండి.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు తప్పదు. ఊరి పేరు మారుతుంది, భయం మాత్రం అదే. అందరూ ఎన్ని డిగ్రీలని అడుగుతారు. పిల్లవాడు ఏ ఇంట్లో ఉంటాడో, క్లాసుకి ఎలా వెళ్తాడో చెప్పరు. మీరు అడక్కుండానే అదీ రాశారు, మంచిపని చేశారు. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది 48 డిగ్రీలు కాదు, బస్టాప్ నుంచి ఆ 25 నిమిషాల నడక.

ముందు మీవారి మాట తీసుకుందాం. ఎండలో పెరిగినవాడే, కాదనను. కానీ టెంపేని ఆనుకునే ఉన్న ఫీనిక్స్ ఎండ వేరే జాతి. గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది కాబట్టి దాహం వేసేదాకా నీళ్ల ఊసు గుర్తురాదు, అప్పటికే ఆలస్యమైపోతుంది. పెదవులు పగలడం, ముక్కులోంచి నెత్తురు రావడం కొత్తవాళ్లకి మొదటి నెలలో మామూలే. ఇంకొకటి, రాత్రి. ఎడారిలో రాత్రిళ్లు చల్లబడతాయని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అది ఊళ్లు లేని ఎడారి సంగతి. పగలంతా కాంక్రీటూ తారురోడ్లూ తాగిన వేడి రాత్రంతా బయటికొస్తూనే ఉంటుంది. 2023 జులై 19న ఫీనిక్స్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రతే 36 డిగ్రీలు. మళ్లీ చదవండి, కనిష్ఠం. ఆ ఏడాదే వరసగా 31 రోజులు పగటి గరిష్ఠం 110 ఫారన్‌హీట్‌కి, అంటే 43 డిగ్రీలకి తగ్గలేదు. మరుసటి ఏడు 2024లో వరసగా 113 రోజులు వంద ఫారన్‌హీట్ పైనే. పగటి ఎండని తట్టుకున్న ఒంటికి రాత్రి తెరిపి దొరకాలి. అక్కడ అది ఏసీలోనే దొరుకుతుంది.

నా సలహాతో అక్కడ చేరిన ఒక అమ్మాయి మొదటి వారంలో ఫోన్ చేసి, ‘సార్, మా ఇంట్లో కుళాయిలు తారుమారుగా బిగించారు, చన్నీళ్లది తిప్పితే వేణ్నీళ్లొస్తున్నాయి’ అంది. కుళాయిలు సరిగ్గానే ఉన్నాయి. అక్కడ వేసవిలో నేలలోని గొట్టాలే కాగి ఉంటాయి. అదే అమ్మాయి, మధ్యాహ్నం బయట నిలిపిన స్నేహితురాలి కారెక్కి సీట్‌బెల్టు లోహపు బిళ్ల పట్టుకుని చెయ్యి కాల్చుకుంది. స్టీరింగ్ పట్టుకోవడానికి వంటింటి గుడ్డ కారులో పెట్టుకునేవాళ్లని కూడా చూసిందట. నవ్వుతూ చెప్పింది గానీ, ఆ మొదటి నెల బాగానే ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది. ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తోంది, ఇంకో ఊరికి రమ్మన్నా కదలడం లేదు.

అంటే అక్కడ బతకలేమని కాదు. ఆ ఊళ్లున్న లోయలో ఫీనిక్స్, మీసా, చాండ్లర్, టెంపే అన్నీ కలిపి దాదాపు 50 లక్షల మంది ఉంటున్నారు. ఇల్లు చల్లగా, కారు చల్లగా, క్లాసు చల్లగా ఉన్నవాడికి ఎండ కిటికీ అవతలి దృశ్యం. ఆ మూడింటి మధ్య నడవాల్సినవాడికే అది ఎండ. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో వేడి కారణంగా 645 మంది చనిపోయారు. వాళ్లలో సగానికి దగ్గరగా తలదాచుకోవడానికి ఇల్లు లేనివాళ్లు. ఇళ్లలో పోయినవాళ్లలో ఎక్కువమందికి ఏసీ లేదు, ఉన్నా పనిచేయలేదు. మీ అబ్బాయి ఓర్పు ఎంతన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అతని చేతిలో మీరెంత పెట్టి పంపుతున్నారన్నదే ప్రశ్న.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. పాతికో ముప్ఫయ్యో లక్షలు అప్పు తెచ్చి ఫీజు కట్టడానికి వెనకాడని మీరు, అద్దెలో నెలకి కాస్త మిగులుతుందని పిల్లవాణ్ని ఊరవతల పెడుతున్నారు. సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది. అక్కడ అది నడివేసవి. తారురోడ్డు మధ్యాహ్నానికి 70 డిగ్రీల దాకా కాగుతుంది, దానిమీద పడిపోయి ఒళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యేవాళ్లు ఏటా ఉంటారు. ఆ దారిలో 25 నిమిషాలు, వీపున లాప్‌టాప్, రోజుకి రెండుసార్లు. పైగా నలుగురి ఇంట్లో ఏసీ గొడవ ఒకటి. వేసవిలో కరెంటు బిల్లు చలికాలపు బిల్లుకి రెట్టింపు దాటడం మామూలే. పొదుపు చేయమని ఇంట్లో నూరిపోసి పంపిన కుర్రాడు ఏం చేస్తాడు? ఏసీ థర్మోస్టాట్ 85 ఫారన్‌హీట్, అంటే 29 డిగ్రీల మీద పెట్టి లైబ్రరీలో కూర్చుంటాడు, అర్ధరాత్రి ఇంటికొచ్చి నిద్రపట్టక దొర్లుతాడు. అలాంటివాడొకడు నా దగ్గరా ఉన్నాడు, మొదటి సెమిస్టర్ మార్కులు చూసి తల్లిదండ్రులు చదువు మీద శ్రద్ధ లేదన్నారు. నిద్ర లేదని ఎవరూ అనలేదు. అంతకంటే అన్యాయం, ఖర్చులకోసం క్యాంపస్ బయట దొంగచాటుగా సైకిల్ మీద డెలివరీలకి వెళ్లేవాళ్లు. అది వీసా నిబంధనలకి విరుద్ధం, ఆ ఎండలో ప్రాణానికీ విరుద్ధం.

కాబట్టి ఇల్లు మార్చండి. టెంపేలో క్యాంపస్ పక్కనుంచే లైట్ రైల్ వెళ్తుంది, ఫీనిక్స్ నుంచి మీసా దాకా. 2022 నుంచి స్ట్రీట్‌కార్ కూడా ఉంది. ఆర్బిట్ అని చిన్న బస్సులు తిరుగుతాయి, వాటికి టికెట్ లేదు. రైలు స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో, ముగ్గురికి మించని ఇల్లు చూడండి. అద్దె ఎక్కువే అవుతుంది. కారు కొనడంకంటే తక్కువే. మొదటి ఏడాది కారు వద్దన్న మీ నిర్ణయం కూడా అప్పుడే నిలుస్తుంది, ఊరవతల ఇల్లు పెట్టి కారు వద్దంటే కుదరదు. ఏసీ ఉన్న అద్దె ఇంటిని 82 ఫారన్‌హీట్‌కి, అంటే 28 డిగ్రీలకి మించకుండా చల్లబరచగలగాలని ఫీనిక్స్ నగర నిబంధన ఉంది. టెంపే వేరే మునిసిపాలిటీ. అక్కడ సంతకం పెట్టేముందు ఏసీ చెడిపోతే ఎన్ని గంటల్లో బాగుచేయిస్తారో కాగితం మీద రాయించుకోమనండి.

ఆస్తమా సంగతి బంధువులతో తేల్చుకునేది కాదు. పొడిగాలి మంచిదన్న మాటకి చరిత్ర ఉంది. వందేళ్ల కిందట క్షయ రోగులు అమెరికా నలుమూలల నుంచీ ఆరిజోనాకి వచ్చి డేరాల్లో ఉండేవారు, ఫీనిక్స్‌లోని సన్నీస్లోప్ పేట అలా పెరిగిందే. అప్పటి గాలి వేరు. ఇప్పుడు ఓజోన్ కాలుష్యంలో అమెరికాలో అధ్వాన్నమైన నగరాల జాబితా ఎప్పుడు వేసినా ఫీనిక్స్ పేరుంటుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా వాళ్లకి వానాకాలం. వాన కంటే ముందు దుమ్ము వస్తుంది. హబూబ్ అంటారు, గోడలా లేచి ఊరిమీద పడుతుంది. దారిలో అది ఎదురైతే కారు రోడ్డు దింపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీంచి కాలు తీసేయమంటారు. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు అదే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు. ఆ దుమ్ములోనే వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఫంగస్ కూడా ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు, చాలామందికి వచ్చిందనీ తెలియదు. కానీ వారాల తరబడి తగ్గని దగ్గు, జ్వరం, నీరసం ఉంటే మామూలు జలుబని కూర్చోకుండా ఆ పరీక్ష చేయమని డాక్టర్‌ని అడగాలి. వెళ్లేలోపు ఊపిరితిత్తుల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ఆయన వద్దంటే నా సలహా అంతా పక్కన పెట్టేయండి.

ఇక మీవారి చిప్ ఫ్యాక్టరీలు. నన్నడిగితే ఎండకన్నా దీనిమీదే ఎక్కువ మాట్లాడుకోవాలి. ఫ్యాక్టరీలు నిజమే. మోటరోలా 1949లోనే ఫీనిక్స్‌లో అడుగుపెట్టింది, ఇంటెల్ 1980 నుంచి చాండ్లర్‌లో ఉంది. తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎంసీ 2020 మేలో 12 బిలియన్ డాలర్లతో వస్తానని చెప్పి, 2025 మార్చి నాటికి ఆ అంకెని 165 బిలియన్లకి పెంచింది. పేపర్లో అంకె చూడగానే ప్రతి ఇంట్లో ఒక సెమీకండక్టర్ ఇంజినీరు పుట్టేస్తున్నాడు. రెండేళ్ల కిందట డేటా సైన్స్, అంతకుముందు సైబర్ సెక్యూరిటీ, ఇప్పుడిది. పెట్టుబడి అంకె వేరు, మీ అబ్బాయి ఆఫర్ లెటర్ వేరు. నిపుణులైన పనివాళ్లు చాలక తొలి ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2024 నుంచి 2025కి జరుగుతుందని టీఎస్‌ఎంసీయే 2023లో ప్రకటించింది. 2024 ఆగస్టులో ఇంటెల్ ప్రపంచవ్యాప్తంగా 15 వేల ఉద్యోగాలు తీసేస్తానంది. ఈ పరిశ్రమ ఎప్పుడూ ఉయ్యాలే. మీ అబ్బాయి పట్టా చేతికొచ్చే నాటికి అది పైన ఉంటుందో కింద ఉంటుందో నేను చెప్పను, చెప్పేవాణ్ని నమ్మకండి.

పని ఎలా ఉంటుందో అబ్బాయికి తెలుసా? చిప్ అనగానే కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ చేయడం అనుకుంటారు. ఫ్యాక్టరీలో పని అది కాదు. తలనుంచి కాలిదాకా తెల్లటి సూటు వేసుకుని క్లీన్‌రూమ్‌లో, అంటే దుమ్ము చొరనివ్వని గదిలో, యంత్రాల చుట్టూ తిరగడం, చాలాచోట్ల పన్నెండు గంటల షిఫ్టులు, రాత్రిళ్లు. మెకానికల్ వాళ్లకి చోటుంది. పరికరాల నిర్వహణ, కూలింగ్, వాక్యూమ్ లాంటి పనుల్లో వాళ్లే కావాలి. అది ఇష్టమైతే మంచి బతుకుతెరువే. తండ్రి ఇష్టం సరిపోదు.

ఆ ఊళ్లో మెకానికల్ వాళ్లకి కనిపించే మిగతా పెద్ద పేర్లు హనీవెల్ ఏరోస్పేస్, మీసాలో అపాచీ హెలికాప్టర్లు తయారుచేసే బోయింగ్. వీటిలో రక్షణకి సంబంధించిన ఉద్యోగాలు చాలావరకు అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. విద్యార్థి వీసా మీద వెళ్లినవాడికి ఆ తలుపులు మూసే ఉంటాయి. కన్సల్టెన్సీ వాళ్లు కంపెనీల జాబితా చూపించేటప్పుడు ఈ ముక్క చెప్పరు. ఓపీటీ, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకోనిచ్చే మూడేళ్లూ లెక్కేసుకునేటప్పుడు ఈ పేర్లు కొట్టేసి చూడండి, ఎన్ని మిగులుతాయో.

ఇక మీరు రాసిన రెండో ఊరు, బఫలో. అక్కడ ఎండ లేదు, మంచు ఉంది. 2022 డిసెంబర్ చివర్లో వచ్చిన మంచు తుఫానుకి ఆ ప్రాంతంలో 40 మందికి పైగా పోయారు. అక్కడ అయిదారు నెలలు చలికి లోపల, ఇక్కడ నాలుగు నెలలు వేడికి లోపల. తేడా ఏమిటంటే టెంపేలో లోపలుండే కాలంలో ఎక్కువ భాగం సెలవులే. అక్టోబర్ చివర నుంచి ఏప్రిల్ దాకా, చదువంతా నడిచే రోజుల్లో, ఆ ఊరి వాతావరణం కోసం చల్లని రాష్ట్రాల పెద్దవాళ్లు ఇళ్లు అద్దెకి తీసుకుని మరీ వచ్చి ఉంటారు. డిసెంబర్ మధ్యాహ్నం 20 డిగ్రీలు, ఉతికిన బట్టలు గంటలో ఆరిపోతాయి, ఆకాశంలో మబ్బు ముక్క ఉండదు. అందుకే వేసవిలో ఇంటర్న్‌షిప్ వేరే ఊళ్లో దొరికితే మరీ మంచిదంటాను.

నీళ్ల గురించి కూడా ఎవరో భయపెడతారు. కొలరాడో నది నుంచి 336 మైళ్ల కాలువలో నీళ్లొస్తాయి, 2021లో ఆ నది మీద తొలిసారి కోత ప్రకటించిన మాట నిజం. ఆ దెబ్బ ముందు పొలాల మీద పడింది. రెండేళ్లు చదువుకునేవాడి కుళాయికి ఏమీ కాదు. పదేళ్ల తర్వాత అక్కడ ఇల్లు కొంటానంటే అప్పుడు మాట్లాడుకుందాం.

డాక్టర్ సరేనంటే, ఇల్లు మారితే, టెంపేకి నా అభ్యంతరం లేదు. చిప్పుల కోసమే అయితే మాత్రం నాకు మనసొప్పడం లేదు. మీకో చిన్న సంతోషం కూడా ఉంది. అమెరికాలో చాలాచోట్ల ఏటా వేసవికి గడియారాలు గంట ముందుకి, చలికాలానికి గంట వెనక్కి జరుపుతారు, ఆరిజోనాలో జరపరు. జరిపితే సాయంత్రం ఎండ ఇంకో గంట సాగుతుందని 1968లోనే వద్దనుకున్నారు. అంచేత మీకూ మీ అబ్బాయికీ ఏడాది పొడవునా పన్నెండున్నర గంటల తేడానే. మీకు ఉదయం ఏడున్నర అయితే అతనికి ముందు రోజు సాయంత్రం ఏడు. క్లాసు నుంచి వచ్చి ఉంటాడు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని ఎలాగూ అడుగుతారు, ఏసీ ఎంత మీద పెట్టావనీ అడగండి. ఎనభై రెండు పైన చెబితే, ఆ నెల బిల్లులో మీ వాటా ఎంతో కూడా అడగండి.

కొత్త ఇంటి అడ్రస్ దొరికాక, డిపాజిట్ కట్టకముందు నాకొకసారి రాయండి. స్టేషన్ నుంచి ఆ ఇంటిదాకా దారిలో నీడ ఉందో లేదో మ్యాప్‌లో చూసి చెబుతాను.