తప్పు అడవి ఈస్టుది కాదు, మీ పొటాష్‌ది

ప్రశ్న: మాది చిక్కబళ్ళాపుర జిల్లా బాగేపల్లి దగ్గర. నాలుగెకరాల షిరాజ్ ద్రాక్ష ఉంది. మా పండుతోనే మా అబ్బాయి చిన్న వైనరీ నడుపుతున్నాడు. బయటి ఈస్టు, సల్ఫైటు (వైను చెడకుండా వేసే గంధకపు పొడి) వేయడు, వడకట్టడు. సహజ వైను అంటాడు. ఈసారి కింది తోట రసం 600 లీటర్లు, 1,000 లీటర్ల ట్యాంకులో పోశాం. పదో రోజుకు హైడ్రోమీటరులో 6 బ్రిక్స్ (రసంలో మిగిలిన తీపి కొలత) దగ్గర పొంగు ఆగిపోయింది. నెయిల్ పాలిష్ వాసన వస్తోంది. అడుగున పంచదార లాంటి పలుకులు చేరాయి. మధ్యలో అబ్బాయి రెండు రోజులు బెంగళూరు వెళ్ళాడు. పై మడి పండు వారం తర్వాత కోశాం, అది 200 లీటర్లు, బాగానే పొంగుతోంది. కింది తోటకు డ్రిప్పులో ఎకరానికి 75 కిలోల పొటాష్ ఇచ్చి, కాయ రంగు తిరిగాక 0-0-50 (పొటాష్ ఒక్కటే ఉండే ఎరువు) ఐదుసార్లు కొట్టాం. పై మడికి డ్రిప్పు లేదు కనుక ఏమీ వేయలేదు. వచ్చే ఏడు దానికీ వేయిస్తాం. అడవి ఈస్టును నమ్ముకోవడమే తప్పని నేనంటే అబ్బాయి వినడు. డీలరు బ్యాక్టీరియాను చంపే పొడి ఇచ్చాడు, స్ట్రెప్టోమైసిన్ అని రాసి ఉంది. ఎంత కలపాలి?

– ఒక రైతు, బాగేపల్లి

జవాబు: ఒక్క గ్రాము కూడా కలపకండి. అది యాంటీబయాటిక్. పంటల మీద వాడకాన్నే ప్రభుత్వం 2024 నుంచి పూర్తిగా నిషేధించింది, అలాంటిది మనుషులు తాగే వైనులో పోయమన్నాడా? ఆ ప్యాకెట్ బిల్లుతో సహా మీ వ్యవసాయ అధికారికి ఇచ్చేయండి.

ఇక మీ తండ్రీకొడుకుల గొడవ. ఈస్టు చెడ్డదైతే పై మడి రసం ఎలా పొంగుతోంది? అదే షెడ్డు, అదే గాలి, అదే అబ్బాయి. అసలు తేడా పొటాష్. మీరే రాశారు, మీరే గమనించలేదు.

అడుగున చేరిన పలుకులు పంచదార కాదు. పండులోని టార్టారిక్ ఆమ్లం, పొటాష్ కలిసి గట్టిపడిన ఉప్పు. కాస్త నోట్లో వేసుకుంటే పుల్లగా ఉండి, పళ్ళ కింద కరకరలాడుతుంది. కొద్దిగా ఉంటే ఏ వైనులోనైనా మామూలే. పులియడం పూర్తికాకముందే అంత చేరిందంటే రసంలో పొటాష్ నిండిపోయినట్టు. ఆమ్లం అలా కిందికి దిగిపోయి పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె) పైకి పోతుంది. పైగా పొటాష్ ఎక్కువగా ఉండేది తొక్కలో, ఎర్ర వైనును పులియబెట్టేది తొక్కలతోనే. పీహెచ్ 3.4 నుంచి 3.6 మధ్య ఉంటే బ్యాక్టీరియా అదుపులో ఉంటుంది. 3.8 దాటితే దానికి పండగ. మీది 3.9 దగ్గర ఉంటుందని నా అనుమానం.

అబ్బాయికీ ఒక మాట. పైకి తేలిన తొక్కల్ని రోజుకు మూడుసార్లు ముంచాలి. రెండు రోజులు వదిలేస్తే అవి ఎండి, ఈగలు వాలి, వాటితో వెనిగర్ బ్యాక్టీరియా వస్తుంది. మీ నెయిల్ పాలిష్ వాసన దాని పనే కావచ్చు. ఆ పైన 400 లీటర్ల ఖాళీ, అంతా గాలే! చిన్న ట్యాంకు లేకపోతే మూత రసం మీదికే దిగే రకం కొనుక్కోవాలి. సహజ వైను అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఫ్రాన్సులో ఆ దారి చూపించిన జూల్ షోవే స్వయంగా రసాయన శాస్త్రం తెలిసినవాడు, మైక్రోస్కోపు వదలని మనిషి.

ఇప్పుడు చేయాల్సింది. పీహెచ్ మీటరును 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసి కొలవండి, కాగితపు పట్టీలు పనికిరావు. అర లీటరు నమూనా ఈరోజే ల్యాబుకు పంపి వోలటైల్ ఆసిడిటీ (వెనిగర్ పులుపు ఎంతుందో) చూపించండి. అది లీటరుకు 1.2 గ్రాములు దాటితే వైనుగా ఆశ వదులుకోండి. పై మడి దాంట్లో కలిపి సర్దుదామనుకుంటే రెండూ పోతాయి. ఎక్సైజ్ వారిని అడిగి వెనిగర్‌కు మళ్ళించండి.

0.8 లోపు ఉంటే ప్రయత్నించవచ్చు. మధ్యలో ఉంటే మీ ఇష్టం, నేనైతే శ్రమ పడను. తొక్కలు పిండి తీసేసి, రసాన్ని 25 డిగ్రీలకు చల్లార్చండి. టార్టారిక్ ఆమ్లం లీటరుకు 1 గ్రాము వేస్తే పీహెచ్ సుమారు 0.1 దిగుతుంది, పొటాష్ ఎక్కువున్న రసంలో అంత కూడా దిగదు. ముందు ఒక లీటరులో వేసి చూసుకుని, 3.6కు తెచ్చేంత రెండు విడతలుగా కలపండి. తర్వాత పొటాషియం మెటాబైసల్ఫైటు 600 లీటర్లకు 32 గ్రాములు. అంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. ఆమ్లం దించకుండా దీన్ని వేస్తే దండగ. పీహెచ్ 3.4 దగ్గర 20 మిల్లీగ్రాములు చేసే పనికి 3.8 దగ్గర 50 కావాలి.

మర్నాడు పై మడి పొంగు 60 లీటర్లు తీసి వేరే పీపాలో పోసి, ఆగిపోయిన రసం 60 కలపండి. బ్రిక్స్ సగానికి దిగాక 120, మళ్ళీ దిగాక 240, చివరికి మిగిలిన 180. ఒకేసారి గుమ్మరిస్తే ఈస్టు చస్తుంది. ప్యాకెట్ ఈస్టు అక్కర్లేదు. ఆ పీపాలోది పై మడి ట్యాంకులోకి తిరిగి పోయకండి.

ఈ 600 లీటర్లను మాత్రం సహజ వైను పేరుతో అమ్మొద్దు. ఫ్రాన్సులో 2020లో వచ్చిన ‘వాన్ మెథోద్ నాచుర్’ అనే సహజ వైను ముద్ర నియమాల్లో సల్ఫైటుకు 30 మిల్లీగ్రాముల దాకా వీలుంది కానీ, పులియడం అయ్యాకే వేయాలి. ఆమ్లం కలపనివ్వరు.

అసలు రోగం తోటలో ఉంది. 0-0-50 కొడితే రంగు, తీపి వస్తాయని డీలర్లు అమ్ముతారు. తినే ద్రాక్షకు చెప్పే మాట అది, వైను ద్రాక్షకు కాదు. సేంద్రియానికి పనికొస్తుందని సంచి మీద ఉన్నంత మాత్రాన మీ నేలకు అవసరమని కాదు. ఎకరానికి 75 కిలోలు ఏ మట్టి రిపోర్టు చూసి వేశారు? రిపోర్టే లేదు కదా! బూడిద తెగులుకు డాక్టరు చీటీ లేకుండా మందు కొనరేమో గానీ, పొటాష్‌కు మాత్రం దుకాణదారుడి నోటిమాట చాలు.

ఏప్రిల్ కత్తిరింపు తర్వాత 45వ రోజున, అక్టోబరు కత్తిరింపు తర్వాత పూత నిండుగా ఉన్నప్పుడు, ఆకు కాడల పరీక్ష చేయించండి. పూత దశలో గుత్తికి ఎదురుగా ఉన్న ఆకు కాడలు వంద, తోటంతా తిరిగి కోసి, మంచినీళ్ళతో కడిగి, కాగితపు సంచిలో హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థకు గానీ మీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ ఇవ్వండి. కింది తోటవీ, పై మడివీ వేర్వేరుగా. పొటాష్ 2.5 శాతం దాటితే ఆ ఏడాది ఒక్క కిలో కూడా వేయొద్దు. కోతకు రెండు వారాల ముందు నుంచి వంద గింజలు పిండి, తీపితో పాటు పీహెచ్ కూడా చూడండి. 3.5 దాటుతుంటే తీపి కోసం ఆగకండి. నీటిలో కరిగే గంధకాన్ని కోతకు 35 రోజుల ముందే ఆపండి, లేకపోతే వచ్చే ఏడు కుళ్ళిన గుడ్ల వాసనతో ఉత్తరం రాస్తారు.

పై మడికీ డ్రిప్పు వేయిస్తామన్నారు. వేయించండి, నీళ్ళకు మంచిదే. ఎరువులెక్కించే వెంచురీ మాత్రం ఆకు కాడల రిపోర్టు చేతికొచ్చే దాకా బిగించొద్దు.