కాశీనగర్‌లో ఇంగ్లీషు చెప్పబోతున్న మా మేనకోడలికి

అమ్మడూ,

మన ఒడిశా కాశీనగర్‌లో గది అద్దెకు తీసుకుని ఇంగ్లీషు గ్రామర్ క్లాసులు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇంకో పంతులమ్మ తయారవుతోందని ఎంత సంతోషపడ్డానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు ఇంగ్లీషు రాదని కాదు, నాకంటే బాగా వచ్చు. రూల్ అంటే రూలే అనే మొండితనం నీకు చిన్నప్పటినుంచీ ఉంది. నా టెన్షన్ అంతా దాని గురించే.

గది, బల్లలు, బోర్డు నువ్వు చూసుకోగలవు. ఫీజు ముందే మాట్లాడుకో. గునుపూర్ వైపునుంచి, పాతపట్నం వైపునుంచి రైల్లో వచ్చే పిల్లలుంటే బండి వేళ చూసి క్లాసు పెట్టు.

ఇక ప్రోనౌన్ల పాఠం, అంటే మన సర్వనామాలు. నీ దగ్గరికి వచ్చేది పోటీ పరీక్షల పిల్లలు కాబట్టి ‘ఇట్ ఈజ్ ఐ’ అనాలా, ‘ఇట్ ఈజ్ మీ’ అనాలా అని మొదట్లోనే అడుగుతారు. రూల్ చిన్నదే. ఈజ్, యామ్, ఆర్, వాజ్, వర్ అనేవి ఎవరో ఏదో పని చేశారని చెప్పవు. ఇటున్నదీ అటున్నదీ ఒకటేనని కలుపుతాయి. అందుకే వాటి తర్వాత కూడా కర్త రూపమే వస్తుంది: ఐ, హీ, షీ, వీ, దే. ‘ద విన్నర్ వాజ్ షీ’ని తిరగేసి చూడమను. ‘షీ వాజ్ ద విన్నర్’ అవుతుంది, ‘హర్ వాజ్ ద విన్నర్’ అని ఎవరూ అనరు. మన పిల్లలకు ఇది కొత్త సంగతి కూడా కాదు. తలుపు కొట్టినప్పుడు ఎవరని అడిగితే ‘నేనే’ అంటారు గానీ ‘నన్నే’ అనరు కదా.

ఒక్కచోట జాగ్రత్త. ‘దే థాట్ ఇట్ వాజ్ హీ’ సరైనదే. ‘దే థాట్ ఇట్ టు బి హిమ్’ కూడా సరైనదే. రెండో వాక్యంలో ‘ఇట్’ అనేది ‘థాట్’కు కర్మ, అందుకని ‘టు బి’ తర్వాతా కర్మ రూపమే రావాలి. కారణం తెలియకుండా బట్టీ పట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు.

కారణం చెప్పకుండా రూల్ నేర్పితే ఏమవుతుందో మీ నాన్నను చూసి తెలుసుకున్నాను. ఈ సంగతి వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. పర్లాకిమిడిలో మేం చదువుకునే రోజుల్లో వాడు క్లాసు లీడరు. ఒకరోజు మాస్టారు లీడరెవరని ఇంగ్లీషులో అడిగితే చటుక్కున లేచి ‘ఇట్ ఈజ్ మీ, సార్’ అన్నాడు. అంత హుషారుగా జవాబు చెప్పినవాణ్ణి బెంచీ ఎక్కించి, గంట కొట్టేదాకా ‘ఇట్ ఈజ్ ఐ’ అని అనిపిస్తూనే ఉన్నారు. క్లాసంతా నవ్వింది. ఎందుకు ‘ఐ’ అనాలో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. వాడికి అర్థమైంది ఒకటే: ‘మీ’ అన్నది అనకూడని మాట. ఇంక ఎక్కడ చూసినా ‘ఐ’యే. ఇంట్లో పెళ్లికి సెలవు చీటీ రాస్తూ ‘కైండ్లీ పర్మిట్ మై సిస్టర్ అండ్ ఐ’ అని రాశాడు. పరీక్షలో ‘బిట్వీన్ హీ అండ్ ఐ’ అని రాసి మార్కులు పోగొట్టుకున్నాడు. దానికీ తిట్లే. ఈసారి ‘ఐ’ అన్నందుకు. ఏది అన్నా తప్పే అయినప్పుడు పిల్లాడు ఏం చేస్తాడు? నోరు మూసుకున్నాడు. ఇప్పటికీ దుకాణానికి ఇంగ్లీషులో ఫోనొస్తే పక్కవాళ్ల చేతికిచ్చేస్తాడు. చిన్నప్పుడు నువ్వూ, నాన్నకి ఇంగ్లీషు రాదని నవ్వేదానివి. అప్పుడు నాకు చాలా కోపం వచ్చేది తల్లీ. నీకు తెలియదు కదా, పాపం.

వాడికి అప్పుడు కావలసింది రెండు మాటలు. కలిపే క్రియ తర్వాతే ‘ఐ’. పని చెప్పే క్రియ తర్వాతా, ‘బిట్వీన్’, ‘ఫర్’, ‘విత్’ లాంటి వాటి తర్వాతా ‘మీ’. ఇద్దరి పేర్లుంటే పక్కవాళ్ల పేరు తీసేసి చదువుకోవాలి. ‘పర్మిట్ ఐ’ అని ఎవరైనా రాస్తారా? ఈ రెండూ ఒకే రోజు, పక్కపక్కనే చెప్పు. మొదటిది ఈ వారం, రెండోది వచ్చే నెల అని విడదీయకు.

ఇంకో మాట. ‘ఇట్స్ మీ’ అన్న పిల్లను తప్పు అన్నావంటే నేను ఊరుకోను. ఇంగ్లీషువాళ్లే ఇళ్లలో అలా అంటారు. ఆక్సిజన్ మీద పరిశోధన చేసిన జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంగ్లీషు వ్యాకరణం కూడా రాశాడు. మంచి రచయితలే అలా రాస్తున్నారు కదా అని 18వ శతాబ్దంలోనే ఈ రూల్‌ని ప్రశ్నించాడు. అలాగని ‘ఇట్ ఈజ్ ఐ’ని కొట్టిపారేయకు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో నీళ్లమీద నడిచి వచ్చే యేసు ‘ఇట్ ఈజ్ ఐ, బీ నాట్ అఫ్రెయిడ్’ అంటాడు. మన జిల్లాలో చర్చికి వెళ్లే పిల్లలు ఎక్కువ, ఆ వాక్యం చెబితే వెంటనే పట్టుకుంటారు. పరీక్షలో ‘ఇట్ వాజ్ హిమ్ హూ కాల్డ్’ అని ఇస్తే ‘హీ’ అని దిద్దాలి. ఆఫీసు ఫోన్లో నువ్వేనా అని అడిగితే ‘దిస్ ఈజ్ షీ’ అనొచ్చు. స్నేహితురాలి దగ్గర ‘ఇట్స్ మీ’. మూడూ బోర్డు మీద రాసి, ఎక్కడ ఏది అనాలో పిల్లలచేతే చెప్పించు.

1880లో పర్లాకిమిడి రాజావారి బళ్లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు, జనం మాట్లాడే తెలుగు బడి పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల పిల్లల కోసం వాళ్ల సవర భాష నేర్చుకుని వాళ్లకు పుస్తకాలు రాశారు. ఆయన తిరిగిన చోట పాఠం చెబుతున్నావు. ఇంట్లో సవర, వీధిలో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడి నాలుగో భాష కోసం నీ దగ్గరికి వచ్చే పిల్లని, ఒక్క ప్రోనౌన్ కోసం నలుగురిలో నిలబెట్టకు. తప్పుంటే నోటుబుక్కులో దిద్దు, పక్కన కారణం రాయి.

ఆదివారం బండికి వస్తున్నాను. మొదటి వారం పాఠాలు రాసి ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం. పనిలో పడి అన్నం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది నాకు నచ్చలేదు.

ఆశీస్సులతో,
మీ అత్త