రనియెరిని పంపేసిన రాత్రి: ఒక యువ రచయితకు లేఖ

నరసాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఒకసారి మామూలుగా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "మాస్టారూ, పత్రికకి పంపొచ్చాండీ?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు ప్రతిదానికీ "ఆయ్, ఆయ్" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు.

ముందు బాగున్నది చెప్తాను. కువైట్ నుంచి తిరిగొచ్చిన మనిషి, మలికిపురం అవతల రొయ్యల చెరువు గట్టు మీద, అర్ధరాత్రి దాటాక ఫోన్లో ఇంగ్లండు ఫుట్‌బాల్ చూస్తుంటాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో కామెంటరీ వినపడదు. వినపడినా సగం అర్థం కాదు, అతనికి దాంతో పనీ లేదు. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి ఎలాగూ మెలకువగా ఉండాలి కాబట్టి మ్యాచ్ చూస్తే తప్పేంటని భార్యతో వాదిస్తాడు. ఇది గట్టు మీద కూర్చున్నవాడు రాసిందని తెలిసిపోతోంది. "మన కోనసీమలో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడు" అనేవాళ్లుంటారు, అననీ. గల్ఫ్ గదుల్లో మలయాళీలతో కలిసి వండుకు తిన్నవాళ్లని అడిగితే తెలుస్తుంది. గదిలో ఒకడిది మాంచెస్టర్ యునైటెడ్, ఇంకొకడిది చెల్సీ. వాళ్లని ఉడికించడానికి నీవాడు ఎవరూ లెక్కచేయని లెస్టర్ సిటీని ఎంచుకోవడం, అది కాస్తా 2016 మే నెలలో ఛాంపియన్ అయి కూర్చోవడం, ఆ రాత్రి గదిలో బిర్యానీ ఖర్చు అతనే పెట్టుకోవడం, ఈ మూడు పేజీల్లో ఒక్క మాట కూడా మార్చకు.

నాలుగో పేజీలో తేడా కొట్టింది. లెస్టర్‌ని ఛాంపియన్ చేసిన మేనేజర్ రనియెరిని తీసేశారన్న వార్త రాగానే నువ్వు విలేఖరివైపోయావు. "అభిమానుల్లో కొందరు ఆగ్రహం వ్యక్తం చేయగా, మరికొందరు యాజమాన్య నిర్ణయాన్ని సమర్థించారు" అని రాశావు. ఆ కొందరూ ఈ మరికొందరూ వేర్వేరు మనుషులు కారు నాయనా. ఒకడే. పొద్దున సమర్థిస్తాడు, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు తిడతాడు. ఆ రెంటినీ చెరొకడికీ పంచిపెట్టేసి నువ్వు తప్పుకున్నావు. నీ కథంతా అక్కడే ఉంది, అక్కడే నువ్వు లేవు.

ఆ వెంటనే నీవాడి చేత ఏమనిపించావో చూడు: "రనియెరి తొలగింపు నన్ను తీవ్రంగా కలచివేసింది." చెరువు గట్టు మీద ఈ మాట ఎవడంటాడు? నాకు వినపడేది ఇదీ: "పంపేసేరంటండీ. ఏం చేత్తారు, వరసపెట్టి ఓడిపోతన్నారు కదా. అయినా అలా పంపేత్తారేటండీ?" మూడు మాటలు. మొదటిది వార్త, రెండోది క్లబ్బు పక్షం, మూడోది అతని కడుపులోది. మధ్యలో "కానీ", "అయితే ఒకవైపు" లాంటివి పెట్టి వాటిని అతికించకు. అతను అతికించుకోలేదు కాబట్టే నిద్ర పట్టలేదు.

ఇక తేదీలు. నువ్వు 2017 ఫిబ్రవరి అంతటినీ ఒక పేరాలో చుట్టేశావు. నాకైతే కథంతా ఆ నెలలోనే కనిపిస్తోంది. వరసగా పెట్టుకుని చూడు. ఫిబ్రవరి 7న క్లబ్బు ప్రకటన చేసింది, మేనేజర్‌కి మా పూర్తి మద్దతు ఉందని. 12న స్వాన్సీ చేతిలో 2-0తో ఓడారు. లీగులో అది వరసగా అయిదో ఓటమి, పైగా ఆ ఏడాది లీగులో అప్పటిదాకా ఒక్క గోలూ కొట్టలేదు. 18న కప్పు పోటీలో మిల్‌వాల్ చేతిలో పోయారు, రెండు మెట్లు కింద ఆడే జట్టది, అందులోనూ పదిమందితో మిగిలింది. 22న యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగులో, స్పెయిన్ వెళ్లి సెవియ్యాతో 2-1 ఓటమి. అయితే ఆ ఒక్క గోలూ లెస్టర్ ఆటగాడు వార్డీ కొట్టాడు, అదే జట్టుతో రెండో మ్యాచ్ సొంతూళ్లో ఉంది, ఆశ కొంచెం లేచింది. మర్నాడు, 23న, మేనేజర్‌ని తీసేశారు.

ఆ 22వ తేదీ రాత్రి నీవాడు ఏమనుకుని పడుకున్నాడు? అది రాయి. ఆశ లేచిన మర్నాడే దెబ్బ పడింది, అందుకే అంత నొప్పి. మిల్‌వాల్ మ్యాచ్ అయిన రాత్రే తీసేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

క్లబ్బువాళ్ల భయమేంటో మన పాఠకుడికి తెలియాలి, దానికి మూడు వాక్యాలు చాలు. ఆ లీగులో 20 జట్లు. చివరి మూడు కింది డివిజన్‌కి పడిపోతాయి, వాటితో పాటు టీవీ డబ్బులో సింహభాగమూ పోతుంది. తీసేసిన రోజు లెస్టర్ 17వ స్థానంలో ఉంది, ఆ మూడింటికి ఒక్క పాయింటు పైన. ఛాంపియన్ హోదాలో ఉన్న జట్టు మర్నాటి ఏడే కిందికి పడిపోవడం ఇంగ్లండులో ఒక్కసారే జరిగింది, 1938లో మాంచెస్టర్ సిటీకి. రెండోది తామే అవుతామేమోనని యజమానులు వణికిపోయారు. వాళ్లని విలన్లని చేయకు. అందరూ మంచివాళ్లే అయి కూడా మనిషి ఉద్యోగం పోతే, చదివేవాడికి తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు. దొరక్కూడదు కూడా.

గెలుపు ఎంత పెద్దదో చెప్పడానికి ఒకటిన్నర పేజీ వాడావు, దాన్ని కోసెయ్. సీజన్ మొదట్లో లెస్టర్ గెలుస్తుందని రూపాయి కాస్తే అయిదు వేలు ఇస్తామన్నారు అక్కడి బుకీలు. భీమవరం చుట్టుపక్కల పాఠకులకి ఇంతకంటే వివరించక్కర్లేదు. పిజ్జా సంగతి మాత్రం ఉంచు. ప్రత్యర్థికి ఒక్క గోలూ ఇవ్వకుండా గెలిస్తే పిజ్జా ఇప్పిస్తానని రనియెరి ఆటగాళ్లకి మాటిచ్చాడు. 2015 అక్టోబరులో క్రిస్టల్ ప్యాలెస్‌ని 1-0తో కొట్టాక నిజంగానే తీసుకెళ్లాడు, తీరా అక్కడికెళ్లాక ఎవడి పిజ్జా వాడే చేసుకోమన్నాడు. అరవై దాటిన ఆ ఇటలీ పెద్దాయన మీద ప్రేమ ఎందుకు కలిగిందో ఆ ఒక్క సంగతి చెప్పేస్తుంది. కప్పు ఇచ్చినందుకు గౌరవిస్తారు. ప్రేమించడానికి ఇలాంటిదేదో కావాలి.

ఇప్పుడు అసలైన రాత్రికి వద్దాం. ఫిబ్రవరి 27, లివర్‌పూల్‌తో మ్యాచ్. మనకి తెల్లవారితే 28, రాత్రి ఒకటిన్నరకి మొదలు. ఈ లోపు మిగతా మ్యాచ్‌లు అయిపోయి లెస్టర్ చివరి మూడింట్లోకి జారిపోయింది. మేనేజర్ పోయి నాలుగు రోజులే. నువ్వు ఇలా రాశావు: "జట్టు అద్భుతంగా ఆడి 3-1తో గెలిచింది. అతను ఆనందంతో ఎగిరి గంతేశాడు." ఎగిరి గంతేయడా? వేస్తాడు. తర్వాత?

తర్వాతదే నాకు కావాలి. వార్డీ 28వ నిమిషంలో కొట్టాడు. గంతేశాడు. డ్రింక్‌వాటర్ దూరం నుంచి బ్రహ్మాండంగా కొట్టాడు. మళ్లీ గంతేశాడు, ఈసారి కొంచెం తక్కువ. గంటయ్యేసరికి వార్డీ మూడోది కొట్టాడు. అప్పుడు కూర్చుండిపోయాడు. "ఇంత ఆట వచ్చా మీకు? మరి నిన్నటిదాకా ఏమైందిరా?" ఆ ప్రశ్న రాగానే సంతోషం విరిగిపోయింది. గెలవాలని కోరుకున్నదీ అతనే, గెలిచినందుకు మండిపడుతున్నదీ అతనే. ఓడిపోయి ఉంటే "చూశారా, ఆయన తప్పు కాదు" అని తృప్తిగా పడుకునేవాడు. గెలిచి అతనికి ఆ దారి కూడా లేకుండా చేశారు. ఈ చోట కనీసం రెండు పేజీలు ఆగు. కథలో ఇంకెక్కడ తొందరపడినా పర్వాలేదు.

అదే మ్యాచ్‌లో 65వ నిమిషం వచ్చింది. రనియెరి వయసు అప్పటికి 65. జట్టు 3-0తో ముందుంది, స్టేడియంలో జనం ఫోన్ల లైట్లు వెలిగించి పైకెత్తారు, వెళ్లిపోయిన మనిషి కోసం. కళ్ల ముందున్న జట్టుకి చప్పట్లు, లేని మనిషికి దీపాలు, రెండూ ఆ చేతులతోనే. దీన్ని నువ్వు పట్టుకున్నావు, శభాష్. కానీ అంతటితో ఊరుకున్నావా? నీవాడు కూడా గట్టు మీద లేచి నిలబడి టార్చి పైకెత్తాడు. తీసెయ్. మంచి సినిమా షాట్ అనిపించి ఉంటుంది నీకు. ఆ టైముకి చెరువు దగ్గర మనిషి టార్చి ఎటు వేస్తాడో నాకంటే నీకే బాగా తెలుసు. గట్టు వారన నీళ్ల మీద వేస్తాడు, రొయ్య అంచుకి వచ్చిందేమో చూడటానికి. వెలుగు పడితే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఎక్కువ మెరిశాయంటే ఆక్సిజన్ తగ్గిందని టెన్షన్. ఆ నిమిషంలో అతను చెరువు చుట్టి రావడానికి వెళ్లాడనీ, తిరిగొచ్చేసరికి లైట్లు అయిపోయాయనీ రాస్తే? చూడలేకపోయాడు. మర్నాడు ఎవరో పంపిన వీడియోలో చూశాడు. నాకు అదే నిజంగా ఉంటుంది.

కథలో ఆక్వా టెక్నీషియన్ ప్రస్తావన వచ్చి పోతుంది. కిందటి పంటకి 30 కౌంట్‌లో, అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగేలా పట్టుబడి చేయించిన కుర్రాడు, ఈ పంటకి వైట్ స్పాట్ జబ్బు తగిలేసరికి అతన్ని మార్చేశారు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. తెలిసే పెట్టావో, యథాలాపంగా పడిందో నాకు తెలీదు గానీ, కథలో అంతకంటే విలువైన వాక్యం లేదు. మార్చింది ఎవరు? నీవాడే కదా! రనియెరి కోసం నిద్ర మానుకున్నవాడే. ఇక్కడ ఒక జాగ్రత్త. "రనియెరి లాగే ఈ కుర్రాడు కూడా" అని మాత్రం రాయకు, చచ్చిపోతుంది. ఆ కుర్రాడు బండి మీద గట్టు పక్క నుంచి వెళ్తూ పలకరించాడనీ, నీవాడు ఫోన్లోంచి తల ఎత్తలేదనీ రాసి ఊరుకో.

ఆటగాళ్లే మేనేజర్‌ని దింపేశారన్న పుకారుని నువ్వు రచయితగా తీర్పులాగా రాసేశావు. ఆ రోజుల్లో అలాంటి వార్తలు వచ్చిన మాట నిజమే. తనకి అందులో ఏ సంబంధమూ లేదని వార్డీ ఖండించాడు కూడా. నీవాడు అనుమానించొచ్చు, రాత్రంతా తిట్టొచ్చు. ఆ హక్కు అతనిది, నీది కాదు.

అభిమాని జ్ఞాపకం ఎంత పక్షపాతమైందో నువ్వు ఇంకా తాకలేదు. రనియెరికి ముందు నైజెల్ పియర్సన్ ఉండేవాడు. 2014-15 సీజన్లో అట్టడుగున పడున్న జట్టు, చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిపించుకుని నిలబడింది. వార్డీ, మహ్రెజ్, మోర్గాన్ అందరూ అతని హయాంలో వచ్చినవాళ్లే. 2015 జూన్ 30న అతన్నీ పంపేశారు. బదులు రనియెరి వస్తున్నాడంటే, లెస్టర్‌లోనే పుట్టి అక్కడే ఆడిన గ్యారీ లినెకర్ "ఈయనా? నిజంగానా?" అన్నట్టు పెదవి విరిచాడు. రనియెరిని అప్పటికి కొన్ని నెలల ముందే, ఫారో దీవుల చేతిలో ఓడినందుకు గ్రీసు తీసేసి ఉంది మరి. ఆ లినెకరే 2017లో రనియెరిని పంపేసినప్పుడు ఇది క్షమించరానిదన్నాడు. అతన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ప్రేమ అలాగే తిరుగుతుంది.

రనియెరి తర్వాత వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్ సెవియ్యాని 2-0తో కొట్టి జట్టుని ఛాంపియన్స్ లీగు క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, లీగులో 12వ స్థానంలో నిలబెట్టాడు. 2017 అక్టోబరులో అతన్నీ తీసేశారు. ఆ రాత్రి నీవాడు ఏం చేశాడు? నాకు తెలిసి శుభ్రంగా పడుకున్నాడు. పియర్సన్‌ని తీసేసినప్పుడూ కువైట్ గదిలో పడుకునే ఉన్నాడు. ముగ్గురు పోతే ఒక్కడికే ఎందుకు మెలకువ వచ్చింది? దీనికి జవాబు రాయొద్దు. ఆ అక్టోబరు రాత్రిని నాలుగు లైన్లలో పెట్టు చాలు. అన్నట్టు, షేక్‌స్పియర్ అన్న పేరు చూసి నువ్వు మూడు చోట్ల నాటకాల జోకులు వేశావు. రచయితలకి ఆ పేరు కనపడితే చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. మూడూ కొట్టేశాను.

నీ ముగింపులో అతను పాత లెస్టర్ చొక్కా మడతపెట్టి బీరువాలో పెడతాడు. చొక్కాని మడతపెట్టించకు. చెరువు పనికి అదే వేసుకు తిరగనీ, బురద అంటనీ. పనివాళ్లలో ఒకడు చొక్కా మీది క్లబ్బు గుర్తు చూసి "ఆ నక్క బొమ్మేటండీ?" అని అడిగితే విసుక్కోనీ.

చిన్న తప్పులు: డ్రింక్‌వాటర్ గోలు రెండో సగంలో అన్నావు, కాదు, 39వ నిమిషం, మొదటి సగం. రనియెరిని ఒకచోట "కోచ్", ఇంకోచోట "మేనేజర్" అన్నావు. అక్కడి అభిమానులు మేనేజర్ అనే అంటారు, అదే ఉంచు. రెండో పేజీలో చించినాడ వంతెన దాటి నరసాపురం చేరాడన్నావు, మధ్యలో పాలకొల్లు ఎగిరిపోయింది. లేదంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించు.

తిరగరాసి పంపు. ఈసారి వాట్సాప్‌లో వద్దు, నా కళ్లకి ఆ అక్షరాలు ఆనడం లేదు. ప్రింటు తీయించి, శనివారం మీ నాన్నగారు మార్కెట్‌కి వచ్చినప్పుడు ఇచ్చి పంపించు. కార్తీక మాసం అయ్యేదాకా నేను ఊళ్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ మాస్టారు