ఎగరడం సరే, ముందు మునిగేదెలా?

ప్రశ్న: మేడం గారూ, మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం. గాల్లో ఎగిరి, నీళ్లలోకి దిగి, మళ్లీ పైకొచ్చి ఎగిరే బండి తయారుచేస్తానంటున్నాడు. పండగలకి వచ్చిన డబ్బులు దాచుకుని డ్రోన్ మోటార్లు కూడా కొన్నాడు. వాళ్ల నాన్నగారికి చదువు పాడవుతుందని టెన్షన్. ఇది అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టమనాలి?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: అయ్యే పనేనమ్మా. విశాఖలో చాలాకాలం పిల్లలకి ఓడల నిర్మాణం పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లూ ఎగరడం గురించే బెంగపడేవాళ్లు. అసలు చిక్కు మునగడంలో ఉంది.

వీలైతే బాబుని ఒకసారి ఆర్కే బీచ్‌కి తీసుకురండి. ఇసుకలో కుర్సురా సబ్‌మెరైన్, రోడ్డుకి అవతల టీయూ-142 విమానం, రెండూ మ్యూజియంలుగా ఉన్నాయి. కుర్సురా పొడవు 91 మీటర్లు, మునిగినప్పుడు బరువు రెండు వేల టన్నుల పైమాటే. విమానం పొడవు 53 మీటర్లు, ఖాళీ బరువు మాత్రం 90 టన్నులు. నీళ్లలో మునగాలంటే ఏ వస్తువైనా తను పక్కకి నెట్టే నీళ్లంత బరువుండాలి. ఘనపు మీటరుకి ఒక టన్ను. విమానంలో అంత బరువు పెడితే నేల విడవదు. తేలిగ్గా ఉంచితే నీళ్లమీద బెండులా తేలుతుంది.

దీనికి దారి 1934లోనే సోవియట్ నౌకాదళ విద్యార్థి బోరిస్ ఉషకోవ్ కాగితం మీద చూపించాడు. నీళ్లమీద వాలాక రెక్కల్లోకి, తోకలోకి నీళ్లు వదిలేయాలి. మనుషులు, ఇంజిన్లు, బ్యాటరీలు ఉన్న గదులు మాత్రం పొడిగా ఉండాలి. నీళ్ల లోపల గంటకి రెండు మూడు నాటికల్ మైళ్లకి మించి వేగం రాదని 1938లో ఆ ప్రయత్నం ఆపేశారు.

నాకు ఎక్కువ గౌరవం ఉన్నది అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన డోనల్డ్ రీడ్ మీద. ఎగిరి మునిగే బండిని పాత విమానాల విడిభాగాలతో సొంతంగా కట్టుకున్నాడు. నీళ్లమీద వాలాక పైలట్ ప్రొపెల్లర్ ఊడదీసి, ఇంజిన్‌కి రబ్బరు తొడుగు వేయాలి. కాక్‌పిట్‌కి మూత లేదు కాబట్టి స్కూబా గాలి పరికరం పెట్టుకుని కూర్చోవాలి. నీళ్ల లోపల నడిపేది తోకలో ఉన్న ఒక్క హార్స్‌పవర్ కరెంటు మోటారు. 1964లో ఆయన కొడుకు దాన్ని నడిపాడు. గాల్లో సుమారు పది మీటర్ల ఎత్తు, నీళ్లలో రెండు మీటర్ల లోతు, అంతే. కానీ రెండూ చేసింది! ఆ దశకంలోనే అమెరికా నౌకాదళం కాన్‌వేర్ అనే విమానాల కంపెనీ చేత వేయించిన డిజైన్ నిజం బండిగా మారలేదు.

ఇక మీ బాబు పని. మనిషి ఎక్కే బండి ఆలోచన పక్కనపెట్టి, డ్రోన్‌తో మొదలుపెట్టమనండి. న్యూజెర్సీలోనే రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు నావియేటర్ అనే డ్రోన్ చేశారు. దానికి ప్రొపెల్లర్లు రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి. బయటికొచ్చేటప్పుడు కింది వరస ఇంకా నీళ్లలో ఉండి తోస్తుంటే, పై వరస గాలిని పట్టుకుంటుంది. ఒకటే వరస ఉంటే సరిగ్గా నీటి మట్టం దగ్గర సగం నీళ్లు, సగం గాలి తగిలి పట్టు తప్పుతుంది.

మోటార్లు బిగించే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. బ్యాటరీ, సర్క్యూట్లు పెట్టే గట్టి మూత ఉన్న డబ్బా ఒకటే పొడిగా ఉండాలి. మిగతా ఫ్రేమ్‌కి రంధ్రాలు పెట్టి నీళ్లు పోనివ్వాలి. బకెట్‌ని అంచుదాకా నింపి, పళ్లెంలో పెట్టి, ఖాళీ డబ్బాని మూతపెట్టి పూర్తిగా ముంచి, పళ్లెంలోకి పొర్లిన నీళ్లని వంటింటి త్రాసుమీద తూచమనండి. 400 గ్రాములు వచ్చాయనుకుందాం. సామాను సర్దాక డబ్బా 250 గ్రాములే తూగితే, 150 గ్రాముల బలం దాన్ని పైకి తోస్తుంది. బరువు కలిపితే ఎగరడం కష్టం, అందుకని డబ్బానే చిన్నది చేయాలి. మొత్తం డ్రోన్ నీటికన్నా ఒక్క పిసరు తేలిగ్గా ఉంటే మంచిది. బ్యాటరీ అయిపోయినా తనే పైకి తేలుతుంది. కిందికి దిగడానికి మోటార్లని వెనక్కి తిప్పితే చాలు.

నీళ్లు గాలికన్నా ఎనిమిది వందల రెట్లు చిక్కన. గాల్లో తిరిగే ప్రొపెల్లర్ అదే శక్తితో నీళ్లలో దాదాపు తొమ్మిదో వంతు వేగంతోనే తిరుగుతుంది, కాబట్టి ప్రోగ్రాంలో రెండు వేగాలూ విడిగా రాసుకోవాలి. డ్రోన్లలో వాడే బ్రష్‌లెస్ మోటార్లు తడిసినా తిరుగుతాయి. వాటి వేగాన్ని మార్చే స్పీడ్ కంట్రోలర్లకి మాత్రం నీళ్లు తగలకుండా ఎపాక్సీ జిగురు పూయాలి. రిమోట్ సిగ్నల్ నీళ్లలోకి దిగీదిగగానే పోతుంది. సన్నని వైరు కట్టాలి, లేదా ఇన్ని సెకన్ల తర్వాత పైకి రమ్మని ముందే చెప్పి పెట్టాలి.

కాలవలో మాత్రం వద్దమ్మా, ప్రవాహంలో కొట్టుకుపోతే పిల్లాడు వెంట దూకుతాడు. సిమెంటు తొట్టి చాలు. లిథియం బ్యాటరీలోకి నీళ్లు పోతే నిప్పంటుకోవచ్చు, పరీక్ష చేసేటప్పుడు పెద్దవాళ్లు దగ్గరుండాలి. ఆ పెద్దవాళ్లు నాన్నగారే అయితే ఇంకా మంచిది. ఆర్కిమిడీస్ సూత్రం కొడుకు తొట్టిలో చేసి చూపిస్తుంటే, చదువు ఎటు పోతోందో ఆయనే చూస్తారు.

ప్రశ్న: రెండూ చేసే పక్షులున్నాయి కదా, వాటిని చూసి డిజైన్ చేయలేమా?
– శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: చేయొచ్చు, కానీ అవీ ఇబ్బంది పడుతున్నాయి బాబూ. నీటికాకి ఈకలు తడుస్తాయి, అందువల్ల సులువుగా మునుగుతుంది. తర్వాత గట్టునో మోడుమీదో కూర్చుని రెక్కలు చాచి ఆరబెట్టుకోవాలి. కొల్లేరులో ఎన్నిసార్లయినా చూడొచ్చు. పెంగ్విన్లు ఈత కోసం ఎగరడమే వదులుకున్నాయి. నీళ్లలో తోయడానికి పొట్టి రెక్క కావాలి, గాల్లో నిలబడటానికి పొడుగు రెక్క. మీరు నేర్చుకోవాల్సింది గానెట్ అనే సముద్రపు పక్షి దగ్గర. ఎత్తునుంచి దూకుతూ, నీళ్లు తగలబోయే ముందు రెక్కల్ని పూర్తిగా వెనక్కి మడుస్తుంది. మీ డిజైన్‌లో రెక్కలుంటే అలా మడిచే కీలు ముందు వేయండి, మోటారు సంగతి తర్వాత.